రన్ లైటు పచ్చగా ఉండగానే ఎస్‌ఎఫ్ ఎర్రగా వెలుగుతోంది: కంట్రోలర్ ఏం చెబుతున్నట్టు?

ప్రశ్న: రాత్రి షిఫ్టు ఎలక్ట్రీషియన్

అందరికీ నమస్కారం. నేను నాలుగు హైడ్రాలిక్ ప్రెస్సులున్న ఒక లైనుకు రాత్రి షిఫ్టులో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చూస్తున్నాను. కాంటాక్టర్లు, రిలేలతో నడిచే ప్యానెళ్ళ మీద చాలా ఏళ్ళు పనిచేశాను గానీ, పీఎల్‌సీ (ప్రోగ్రాం ప్రకారం యంత్రాన్ని నడిపే కంట్రోలర్) బాధ్యత నా మీద పడి ఎనిమిది నెలలే అయింది. మా ప్యానెల్‌లో సీమెన్స్ ఎస్7-300 రకానికి చెందిన సీపీయూ 315-2 డీపీ ఉంది. దాని నుంచి సమాచారం మోసే ఊదారంగు ప్రొఫీబస్ కేబుల్ నాలుగు ఈటీ 200ఎం రిమోట్ స్టేషన్లకు, అంటే దూరంగా ఇన్‌పుట్, అవుట్‌పుట్ కార్డులు పెట్టిన చోట్లకు, వెళుతుంది. వాటి అడ్రసులు 4, 5, 6, 7.

గడిచిన పది రోజుల్లో లైను మూడుసార్లు దానంతట అదే ఆగిపోయింది. మొదటిసారి నేను ప్యానెల్ తలుపు తీసేసరికి సీపీయూ మీద రన్ లైటు పచ్చగా నిలకడగా వెలుగుతోంది, ఎస్‌ఎఫ్ అని రాసి ఉన్నది ఎర్రగా నిలకడగా వెలుగుతోంది, బీఎఫ్ (బస్ లోపం లైటు) మాత్రం ఎర్రగా వెలుగుతూ ఆరుతూ ఉంది. రెండోసారి కూడా అదే కనిపించింది. మూడోసారి నేను కాస్త ఆలస్యంగా చేరుకునేసరికి రెండు ఎర్ర లైట్లూ ఆరిపోయి ఉన్నాయి, రన్ పచ్చగానే ఉంది, కానీ లైను మాత్రం ఆగే ఉంది. నాకు అన్నిటికంటే అర్థం కానిది ఇదే. మూడుసార్లూ మెయిన్ స్విచ్ ఆపి, పది సెకన్లు ఆగి, మళ్ళీ వేశాం. లైను నడిచింది.

సీపీయూ పాడైపోయిందనీ మార్చేయాలనీ ఒకరంటున్నారు. కీ స్విచ్‌ను ఎంరెస్ వైపు తిప్పి మెమరీ రీసెట్ చేస్తే కుదురుకుంటుందని మరొకరు అంటున్నారు. ఏదో ఒకటి చేసేముందు ఆ లైట్లు ఏం చెబుతున్నాయో తెలుసుకోవాలని నా కోరిక. యంత్రం నడుస్తున్నట్టూ చెడిపోయినట్టూ ఒకేసారి ఎలా చూపిస్తుంది? నిలకడగా వెలగడానికీ, వెలుగుతూ ఆరుతూ ఉండటానికీ తేడా ఏమిటి? ఆపి వేయడం వల్ల నష్టం ఏమైనా ఉందా? దీనితో సంబంధం ఉందో లేదో తెలియదు గానీ ఇంకొక సందేహం కూడా ఉంది. ఒక అవుట్‌పుట్ కార్డు మీద చానెల్ లైటు వెలుగుతున్నా దాని వాల్వు కదలని సందర్భం ఒకటి చూశాను. అలాంటప్పుడు ఆ చిన్న లైట్లను ఎంతవరకు నమ్మవచ్చు?

సమాధానం: కమిషనింగ్ ఇంజనీరు

సీపీయూను మార్చకండి, మెమరీ రీసెట్ కూడా చేయకండి. మీరు రాసిన లైట్లలో సీపీయూ చెడిపోయిందని చెప్పేది ఒక్కటి కూడా లేదు. పైగా సీపీయూ తన పని తాను సరిగ్గా చేస్తూ, తన కింద ఉన్న ఒక స్టేషన్ తప్పిపోయిందని మీకు చెబుతోంది.

మొదట రన్, ఎస్‌ఎఫ్ కలిసి ఎందుకు వెలుగుతాయో చూద్దాం. ఈ రెండు లైట్లూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. ప్రోగ్రాం నడుస్తోందా లేదా అన్నదానికి రన్, స్టాప్ లైట్లు జవాబు చెబుతాయి. సీపీయూ దృష్టికి హార్డ్‌వేర్ లోపం గానీ ప్రోగ్రాం లోపం గానీ వచ్చిందా అన్నదానికి ఎస్‌ఎఫ్ జవాబు చెబుతుంది. అది అన్ని రకాల లోపాలకూ కలిపి పెట్టిన ఒకే లైటు కాబట్టి, ఏదో జరిగిందని మాత్రమే చెప్పగలదు, ఏం జరిగిందో చెప్పలేదు. ఒక స్టేషన్ బస్సు (అంటే ఆ ప్రొఫీబస్ కేబుల్ మీది సంధానం) మీద నుంచి తప్పిపోయినప్పుడు సీపీయూ ప్రోగ్రాంలో ఓబీ86 అనే బ్లాకు కోసం వెతుకుతుంది. ఆ బ్లాకు లేకపోతే స్టాప్‌లోకి వెళ్ళిపోతుంది. ఉంటే, అది ఖాళీగా ఉన్నా సరే, దాన్ని ఒకసారి నడిపి రన్‌లోనే కొనసాగుతుంది. మాడ్యూలు నుంచి వచ్చే డయాగ్నస్టిక్ ఇంటరప్టుకు ఓబీ82, అందుబాటులో లేని మాడ్యూలును ప్రోగ్రాం నేరుగా చదవబోయినప్పుడు వచ్చే లోపానికి ఓబీ122 కూడా ఇదే విధంగా పనిచేస్తాయి. మీ ప్రోగ్రాం రాసినవారు ఈ బ్లాకులను పెట్టారు కాబట్టే రన్ పచ్చగా ఉంటూ ఎస్‌ఎఫ్ ఎర్రగా వెలిగింది. ఇది మంచి పద్ధతే. అయితే స్టేషన్ పోయిన సంగతిని ప్రోగ్రాం ఎక్కడో పట్టుకుని లైనును ఆపాలి, ఆపరేటర్ రీసెట్ నొక్కేదాకా అలాగే ఉంచాలి. మీ ప్రోగ్రాం ఆ పని కూడా చేస్తున్నట్టుంది.

మీ మూడో సంఘటనకు వివరణ కూడా ఇందులోనే ఉంది. తప్పిపోయిన స్టేషన్ మీరు చేరుకునేలోపే తిరిగి వచ్చేసింది. అది తిరిగి రాగానే బీఎఫ్ ఆరింది, వేరే లోపమేదీ మిగలలేదు కాబట్టి ఎస్‌ఎఫ్ కూడా ఆరింది. లైను నడవకుండా ప్రోగ్రాం పెట్టిన ఇంటర్‌లాక్ (అడ్డు) మాత్రం రీసెట్ కోసం ఎదురుచూస్తూ ఉండిపోయింది. కాబట్టి లైట్లు ఆరినంత మాత్రాన ఏమీ జరగలేదని అనుకోవడానికి వీలులేదు. అవి ఈ క్షణంలో ఉన్న స్థితిని చెబుతాయే గానీ, అయిదు నిమిషాల క్రితం జరిగినదాన్ని చెప్పవు.

బీఎఫ్ విషయంలో నిలకడగా వెలగడానికీ, వెలుగుతూ ఆరుతూ ఉండటానికీ ఉన్న తేడాయే మీకు అసలు ఆధారం. డీపీ మాస్టర్‌గా, అంటే బస్సు మీది స్టేషన్లను పలకరించేదిగా, పనిచేసే సీపీయూ మీద బీఎఫ్ నిలకడగా వెలిగితే బస్సే దెబ్బతిన్నదని, అంటే కేబుల్ షార్టు అయిందని గానీ, ఇంటర్‌ఫేసులో లోపం ఉందని గానీ అర్థం. అది వెలుగుతూ ఆరుతూ ఉంటే బస్సు పనిచేస్తూనే ఉందని, దాని మీద ఉండవలసిన స్టేషన్లలో కనీసం ఒకటి పలకడం లేదని అర్థం. మీరు చూసినది రెండోదే. అందువల్ల మీ వెతుకులాట సీపీయూ దగ్గర కాకుండా ఆ నాలుగు స్టేషన్ల దగ్గర మొదలుకావాలి.

స్టాప్ లైటులోనూ ఇలాంటి తేడాయే ఉంది, దాన్ని గుర్తుంచుకోవడం మంచిది. అది నిలకడగా వెలిగితే సీపీయూ స్టాప్‌లో ఉన్నట్టు. రెండు సెకన్లకు ఒకసారి చొప్పున నెమ్మదిగా వెలుగుతూ ఆరుతూ ఉంటే సీపీయూ మెమరీ రీసెట్ కోరుతున్నట్టు. సెకనుకు రెండుసార్లు వేగంగా ఆరుతూ వెలుగుతుంటే ఆ రీసెట్ జరుగుతున్నట్టు. మీ సీపీయూ రీసెట్ కోరలేదు. అడగని రీసెట్ మీరు చేస్తే ప్రోగ్రాం మెమరీ కార్డు నుంచి మళ్ళీ లోడ్ అవుతుంది గానీ, నిలిపి ఉంచిన కౌంటర్లు, టైమర్లు, మెమరీ బిట్లు చెరిగిపోతాయి, డేటా బ్లాకుల్లోని విలువలు కార్డులో ఉన్న పాత విలువలకు వెళ్ళిపోతాయి. ప్రెస్సు ఒత్తిడి, స్ట్రోకు సెట్టింగులు ఆ బ్లాకుల్లో ఉంటే వాటన్నిటినీ తిరిగి ఎక్కించుకోవాలి. లోపం మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

ఇక ఆపి వేయడం గురించి. దీనిని ఇంత గట్టిగా చెబుతున్నందుకు ఏమీ అనుకోకండి. మెయిన్ ఆపిన మరుక్షణం మీ కళ్ళ ముందున్న సాక్ష్యం పోతుంది. సీపీయూలో డయాగ్నస్టిక్ బఫర్ అనే పట్టిక ఉంటుంది, జరిగిన ప్రతి సంఘటననూ సమయంతో సహా అందులో రాసుకుంటుంది. మెమరీ రీసెట్ చేసినా అది చెరగదు. కానీ ఏ రిమోట్ స్టేషన్ మీద ఏ లైటు ఎలా వెలిగిందన్నది ఏ పట్టికలోనూ ఉండదు, దాన్ని మీరు చూసి రాసుకోవలసిందే. పైగా ఆ పట్టిక గుండ్రంగా తిరిగేది, నిండగానే పాతవి పోయి కొత్తవి వస్తాయి. ప్రతిసారీ మెయిన్ ఆపి వేసినప్పుడు ఆగిన సంఘటన, మొదలైన సంఘటన, స్టేషన్లన్నీ ఒక్కొక్కటిగా తిరిగి వచ్చిన సంఘటనలు అందులో చేరి అసలు సంగతిని కిందికి నెట్టేస్తాయి.

అందుచేత ఈసారి ఆగినప్పుడు ముందుగా సీపీయూ ముఖాన్ని ఫోనులో కనీసం అయిదు సెకన్ల వీడియో తీయండి. ఫొటోలో వెలుగుతూ ఆరే లైటు నిలకడగా ఉన్నట్టో, ఆరిపోయినట్టో కనిపిస్తుంది కాబట్టి వీడియోయే తీయాలి. ఆ తర్వాత నాలుగు స్టేషన్ల దగ్గరకూ వెళ్ళి స్టేషన్‌ను బస్సుకు కలిపే ఐఎం 153 మాడ్యూలు మీద ఎస్‌ఎఫ్, బీఎఫ్, ఆన్ లైట్లు ఎలా ఉన్నాయో చూడండి. ఆన్ లైటు ఆరి ఉంటే దానికి 24 వోల్టులు అందడం లేదు. ఆన్ వెలుగుతూ బీఎఫ్ కూడా వెలుగుతుంటే దానికి విద్యుత్తు ఉంది గానీ మాస్టర్‌తో మాట కలవడం లేదు. ఈ రెండింటి మధ్య తేడా మీ పనిని సగానికి తగ్గిస్తుంది. చివరగా ప్రోగ్రామింగ్ ల్యాప్‌టాప్ పెట్టి బఫర్ చదవండి. అందులో 39సీ4 అనే సంకేతం స్టేషన్ తప్పిపోయిందని, 38సీ4 అది తిరిగి వచ్చిందని చెబుతుంది, పక్కనే స్టేషన్ అడ్రసు ఉంటుంది. తేదీలు 1994 జనవరి దగ్గర కనిపిస్తే కంగారుపడకండి. సీపీయూ గడియారం ఎప్పుడో సున్నాకు వెళ్ళి, దాన్ని ఎవరూ సరిచేయలేదని మాత్రమే అర్థం. అలా ఉంటే ముందు గడియారం సరిచేయండి, లేకపోతే బఫర్‌లోని సమయాన్ని మీ లాగ్ బుక్కులోని సమయంతో పోల్చి చూసుకోలేరు.

సమాధానం: ఇన్‌స్ట్రుమెంటేషన్ టెక్నీషియన్

బస్సు సంగతి పై సమాధానంలో సంపూర్ణంగా ఉంది. నేను చానెల్ లైట్ల గురించి మాత్రమే రాస్తాను, ఎందుకంటే ఇక్కడ పొరబడి మంచి కార్డులను తీసి పారేసినవారిని నేను చాలామందిని చూశాను.

అవుట్‌పుట్ చానెల్ మీద లైటు వెలిగితే ఆ టెర్మినల్ దగ్గర 24 వోల్టులు ఉన్నాయని మనం సహజంగానే అనుకుంటాం. చాలా కార్డుల్లో ఆ లైటును వెలిగించేది కార్డు లోపలి లాజిక్ భాగం. ఈ చానెల్‌ను ఆన్ చేయమని ప్రోగ్రాం నుంచి ఆజ్ఞ అందింది అన్నంత వరకే దాని సాక్ష్యం. ఆ ఆజ్ఞ ప్రకారం ట్రాన్సిస్టర్ ప్రవాహాన్ని వదిలిందా, రిలే కాంటాక్టు నిజంగా కలిసిందా, ఫ్యూజు బాగుందా, వాల్వు కాయిల్ తెగలేదా అన్నవేవీ ఆ లైటుకు తెలియవు. రిలే అవుట్‌పుట్ కార్డుల్లో కాంటాక్టు మాడిపోయి కలవకపోయినా లైటు ఎప్పటిలాగే వెలుగుతుంది. మీ వాల్వు కదలనప్పుడు చేయవలసింది ఒక్కటే. మల్టీమీటర్ నల్ల ప్రోబును ఆ కార్డు కామన్ మీద పెట్టి, ఎర్ర ప్రోబుతో మొదట కార్డు టెర్మినల్‌ను, తర్వాత వాల్వు ప్లగ్గు దగ్గరి పిన్నును కొలవండి. కార్డు దగ్గరే వోల్టేజీ లేకపోతే కార్డునో దాని 24 వోల్టుల ఫీడునో అనుమానించాలి. కార్డు దగ్గర ఉండి వాల్వు దగ్గర లేకపోతే తీగ. రెండు చోట్లా ఉంటే కాయిల్, లేదా వాల్వు లోపల కదలకుండా పట్టేసిన స్పూలు (కదిలే కడ్డీ).

ఇన్‌పుట్ వైపు సంగతి వేరు. అక్కడ లైటు ఫీల్డు నుంచి వచ్చే సిగ్నల్ మీద ఆధారపడుతుంది కాబట్టి కొంచెం ఎక్కువ నమ్మవచ్చు, కానీ దానికీ హద్దులున్నాయి. ఐఈసీ 61131-2 ప్రమాణం ప్రకారం 24 వోల్టుల టైప్ 1 ఇన్‌పుట్ 15 వోల్టుల పైన ఒకటిగా, 5 వోల్టుల లోపు సున్నాగా చదవాలి. ఆ మధ్యలో ఏం చదువుతుందో ఎవరూ హామీ ఇవ్వరు. రెండు తీగల ప్రాక్సిమిటీ సెన్సారు (వస్తువు దగ్గరకు వస్తే గుర్తించేది) ఆఫ్‌లో ఉన్నప్పుడు కూడా తన సొంత అవసరానికి కొద్దిపాటి కరెంటును లాగుతూనే ఉంటుంది. అది ఒక మిల్లీ ఆంపియర్ దాటితే కొన్ని కార్డుల మీద చానెల్ లైటు పూర్తిగా ఆరకుండా మసకగా మిగిలిపోతుంది. ఆ మసక వెలుతురును లైటు పాతబడిందని వదిలేయకండి. మీటర్ పెట్టి చూస్తే 8 వోల్టులో 10 వోల్టులో కనిపించవచ్చు, అంటే ఆ ఇన్‌పుట్ ఎప్పుడైనా తప్పుగా చదవడానికి సిద్ధంగా ఉన్నట్టు.

ఇంకొక్క విషయం. ఇన్‌పుట్ లైటు వెలుగుతోంది గానీ ప్రోగ్రాంలో ఆ బిట్ సున్నాగానే కనిపిస్తోందంటే, ఆ కార్డుకూ సీపీయూకూ మధ్య మాట ఆగిపోయిందేమో చూడండి. బస్సు తెగిన రిమోట్ స్టేషన్‌లో విద్యుత్తు ఉన్నంతకాలం ఇన్‌పుట్ లైట్లు మామూలుగానే వెలుగుతాయి. చూసేవారికి అంతా బాగున్నట్టే ఉంటుంది.

సమాధానం: వేర్వేరు కంపెనీల కంట్రోలర్ల మీద పనిచేసేవాడిని

ఈ చర్చను తర్వాత చదివేవారిలో సీమెన్స్ కాకుండా వేరే కంట్రోలర్లు వాడేవారు కూడా ఉంటారు కాబట్టి ఒక జాగ్రత్త చెప్పదలిచాను. ఒక కంపెనీ లైట్ల భాషను మరొక కంపెనీకి అన్వయించకూడదు. యంత్రాల విద్యుత్ భద్రతకు సంబంధించిన ఐఈసీ 60204-1 ప్రమాణంలో ఎరుపు ప్రమాదానికి, పసుపు అసాధారణ స్థితికి, ఆకుపచ్చ సాధారణ స్థితికి, నీలం ఆపరేటర్ తప్పనిసరిగా ఏదో చేయవలసిన స్థితికి అని రాసి ఉంటుంది. మాడ్యూళ్ళ మీద ఉండే చిన్న లైట్లు మాత్రం రంగుకన్నా ఎక్కువగా వెలిగే తీరుతో మాట్లాడతాయి.

ఆమ్రాన్ సీజే, సీపీ శ్రేణుల్లో ఈఆర్‌ఆర్/ఏఎల్‌ఎం అనే ఒకే లైటు ఉంటుంది. అది నిలకడగా వెలిగితే పని ఆపేసేంత పెద్ద లోపం, ఆరుతూ వెలుగుతుంటే పని సాగుతూ ఉండగా వచ్చిన చిన్న లోపం. ఆలెన్-బ్రాడ్లీ లాజిక్స్ కంట్రోలర్లలో ఓకే లైటు ఎర్రగా ఆరుతూ వెలుగుతుంటే సరిచేసి క్లియర్ చేయగల పెద్ద లోపం, ఎర్రగా నిలకడగా ఉంటే క్లియర్ చేయలేనిది. ఆ రెండింటిలోనూ నిలకడే ఎక్కువ ప్రమాదం. ఈథర్‌క్యాట్ అనే మరో రకం బస్సు మీది పరికరాల రన్ లైటులో మాత్రం నిలకడగా పచ్చగా ఉంటేనే పూర్తి పనిలో ఉన్నట్టు. ఆరుతూ వెలుగుతుంటే ప్రీ-ఆపరేషనల్, ఒక్కొక్క మెరుపు చొప్పున వస్తుంటే సేఫ్-ఆపరేషనల్, పూర్తిగా ఆరి ఉంటే ఇనిట్ స్థితి. సీమెన్స్‌లోనే ఎస్7-300 నుంచి ఎస్7-1200కు వెళితే భాష మారిపోతుంది. అక్కడ రన్, స్టాప్ రెండూ ఒకే లైటులో పచ్చగా, పసుపుగా కనిపిస్తాయి, ఎర్రర్ లైటు ఎర్రగా ఆరుతూ వెలిగితే కాన్ఫిగరేషన్, మెమరీ కార్డు వంటి లోపాలు, నిలకడగా వెలిగితే హార్డ్‌వేరే చెడిపోయినట్టు.

అందరూ తేలిగ్గా తీసుకునేది ఫోర్స్ లైటు. ఫోర్సు అంటే ప్రోగ్రాంతో పని లేకుండా ఒక చానెల్‌ను బలవంతంగా ఆన్‌లోనో ఆఫ్‌లోనో ఉంచడం. ఎస్7-300 మీద ఎఫ్‌ఆర్‌సీఈ అని పసుపు రంగులో ఉంటుంది. ఆలెన్-బ్రాడ్లీ కంట్రోలర్ మీద ఫోర్స్ లైటు నారింజ రంగులో నిలకడగా ఉంటే ఫోర్సులు అమలులో ఉన్నట్టు, ఆరుతూ వెలుగుతుంటే ఫోర్సులు పెట్టి ఉన్నాయి గానీ అమలులోకి రాలేదని అర్థం. అది లోపం లైటు కాదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. కానీ ఎవరో ఒక షిఫ్టులో సెన్సారును దాటవేయడానికి పెట్టిన ఫోర్సు నెలల తరబడి అలాగే ఉండిపోతే, ప్రెస్సు లాంటి యంత్రం మీద అది మనిషి చేతికే ప్రమాదం. షిఫ్టు అప్పగించేటప్పుడు ఆ ఒక్క లైటును చూసి వెళ్ళమని నేను ఎవరికైనా చెబుతాను.

కమిషనింగ్ ఇంజనీరు గారితో ఒక చోట మాత్రం నేను పూర్తిగా ఏకీభవించలేను. ఆపి వేయడాన్ని అన్ని సందర్భాల్లోనూ తప్పు అనలేం. హార్డ్‌వేర్ చెడిందని చూపే లైటు వెలిగినప్పుడు ఒకసారి ఆపి వేసి అది మళ్ళీ వస్తుందో లేదో చూడటం చాలా తయారీదారుల సూచనల్లో ఉన్నదే. దాన్ని వీడియో, బఫర్ తర్వాత చేయాలి, ముందు కాదు.

సమాధానం: కమిషనింగ్ ఇంజనీరు

నిజమే, ఆ సవరణను ఒప్పుకుంటున్నాను. నా అభ్యంతరం అంతా వరుస తప్పడం గురించే.

ప్రశ్న అడిగినవారు: రాత్రి షిఫ్టు ఎలక్ట్రీషియన్

నిన్న రాత్రి లైను మళ్ళీ ఆగింది. మీరందరూ చెప్పినట్టు ఎవరినీ మెయిన్ ముట్టుకోనివ్వలేదు. సీపీయూ మీద అదే దృశ్యం: రన్ పచ్చగా, ఎస్‌ఎఫ్ ఎర్రగా, బీఎఫ్ ఆరుతూ వెలుగుతూ ఉన్నాయి. వీడియో తీసుకుని స్టేషన్ల దగ్గరకు పరుగెత్తాను. 4, 5, 6 మూడింటిలోనూ ఆన్ పచ్చగా ఉంది, ఎర్ర లైట్లేవీ లేవు. హైడ్రాలిక్ పవర్ ప్యాకు పక్కన గోడకు బిగించిన పెట్టెలో ఉన్న 7వ స్టేషన్ దగ్గరకు చేరేసరికి దాని ఆన్ లైటు కూడా వెలుగుతోంది, బీఎఫ్ వెలిగి నేను చూస్తుండగానే ఆరిపోయింది. సీపీయూ దగ్గరకు తిరిగి వచ్చేసరికి ఎర్ర లైట్లన్నీ ఆరిపోయి ఉన్నాయి.

పగటి షిఫ్టు ఇంజనీరు గారి సాయంతో బఫర్ చదివాం. గడియారం 1994లోనే ఉంది, దాన్ని సరిచేశాం. సమయాలను అసలు గడియారంతో పోల్చలేకపోయినా సంఘటనల మధ్య ఉన్న ఎడం తెలుస్తోంది. 39సీ4 ప్రతిసారీ మొదట 7వ స్టేషన్‌కే వచ్చింది. రెండుసార్లు మాత్రం దాని వెనువెంటనే, సెకను కూడా గడవకముందే, 6వ స్టేషన్‌కు కూడా వచ్చింది. ఆ రెండుసార్లూ 6 ముందు తిరిగి వచ్చింది, 7 ఆ తర్వాత వచ్చింది. 6వ స్టేషన్‌లో కూడా వేరే లోపం వెతకాలా? ప్రొఫీబస్ కేబుల్ మొత్తం మార్చాలా?

సమాధానం: కమిషనింగ్ ఇంజనీరు

కేబుల్ మార్చవద్దు, 6వ స్టేషన్‌ను కూడా ప్రస్తుతానికి ముట్టుకోవద్దు. మీ బఫర్‌లో ఉన్న ఆ వరుస చాలా విలువైనది.

7వ స్టేషన్ బస్సు చివరిది అయితే దాని కనెక్టరులో టెర్మినేటర్ (బస్సు చివర సిగ్నల్ వెనక్కి తిరగకుండా చూసేది) స్విచ్ ఆన్‌లో ఉంటుంది. ప్రొఫీబస్ టెర్మినేటర్ అంటే రెండు తీగల మధ్య పెట్టిన ఒక్క రెసిస్టరు కాదు. మధ్యలో 220 ఓములు, పైన 5 వోల్టుల వైపు 390 ఓములు, కింద గ్రౌండు వైపు 390 ఓములు ఉంటాయి. ఆ 5 వోల్టులను కనెక్టరు తాను తగిలించి ఉన్న పరికరం నుంచే తీసుకుంటుంది. కాబట్టి చివరి స్టేషన్‌కు 24 వోల్టులు పోతే ఆ స్టేషన్ ఒక్కటే పోదు, దానితోపాటు బస్సు చివర కట్టిన ముడి కూడా సడలుతుంది. అప్పుడు సిగ్నల్ చివరి నుంచి వెనక్కి తిరిగి వచ్చి, దానికి దగ్గరలో ఉన్న 6వ స్టేషన్‌ను తికమకపెట్టవచ్చు. 6వ స్టేషన్ రెండుసార్లే పోయి వెంటనే తిరిగి రావడం దీనికి సరిపోతుంది.

కేబుల్ లోపం అయితే 7వ స్టేషన్ ఆన్ లైటు చెక్కుచెదరదు, బీఎఫ్ మాత్రమే వెలుగుతుంది. విద్యుత్తు లోపం అయితే ఆన్ లైటు క్షణంపాటు ఆరుతుంది, ఆ తర్వాత ఆన్ వెలిగి, మాస్టర్ దాన్ని మళ్ళీ సిద్ధం చేసేదాకా బీఎఫ్ వెలుగుతుంది. మీరు చేరేసరికి ఆ రెండో దశ మాత్రమే చూశారు, మొదటి దశను చూడాలి. ఆ పెట్టె తలుపు తీసి, ఐఎం 153 ముందు ఫోనును నిలబెట్టి వీడియో నడుస్తూ ఉండనివ్వండి. పక్కనే పవర్ ప్యాకు ఉందన్నారు కాబట్టి పంపు మోటారు మొదలయ్యే క్షణాలను ప్రత్యేకంగా గమనించండి. కదిలే భాగాల దగ్గర, లైవు టెర్మినళ్ళ దగ్గర చేతులు పెట్టకుండా, మీ దగ్గరి భద్రతా నియమాల ప్రకారమే ఇది చేయండి.

మీకు తీరిక దొరికిన రోజున, అన్ని పరికరాలూ ఆపి, కనెక్టర్లన్నీ పరికరాల నుంచి ఊడదీసి, ఒక కనెక్టరులో 3వ, 8వ పిన్నుల మధ్య ఓములు కొలవండి. రెండు చివర్లా టెర్మినేటర్లు ఆన్‌లో ఉంటే సుమారు 110 ఓములు రావాలి. 220 దగ్గర వస్తే ఒక చివర టెర్మినేటర్ లేనట్టే. ఇది చేస్తే కేబుల్ మీద అనుమానం ఒకేసారి తేలిపోతుంది.

ప్రశ్న అడిగినవారు: రాత్రి షిఫ్టు ఎలక్ట్రీషియన్

దొరికింది. ఎలా దొరికిందో వివరంగా రాస్తాను, ఎందుకంటే మీ అందరి సమయాన్ని నేను చాలా తీసుకున్నాను.

మొదట సెలవు రోజున ఓములు కొలిచాం. 112 వచ్చింది, కాబట్టి కేబుల్‌నూ టెర్మినేటర్లనూ పక్కన పెట్టేశాం. ఆ రాత్రి 7వ స్టేషన్ పెట్టె ముందు ఫోను నిలబెట్టాం. మొదటి రెండు గంటల్లో ఏమీ జరగలేదు. మూడో గంటలో రెండో పంపు మొదలైన క్షణంలోనే లైను ఆగింది. వీడియోను నెమ్మదిగా నడిపి చూస్తే, పంపు కాంటాక్టర్ చప్పుడు వినిపించిన వెంటనే ఐఎం 153 మీద ఆన్ లైటు ఒక్కసారి ఆరి మళ్ళీ వెలిగింది, దానితోపాటు ఇన్‌పుట్ కార్డు లైట్లన్నీ కూడా ఆరి వెలిగాయి. తర్వాత ఎర్రగా బీఎఫ్ వచ్చి, కొన్ని సెకన్ల తర్వాత ఆరిపోయింది. మామూలు వేగంలో చూసినప్పుడు ఆన్ లైటు ఆరడం మా కళ్ళకు అందనే లేదు.

విద్యుత్తు ఆపి, లాక్ వేసి, 24 వోల్టుల టెర్మినళ్ళను ఒక్కొక్కటిగా లాగి చూశాం. పాజిటివ్ తీగ గట్టిగా ఉంది. ఎం అని రాసి ఉన్న సున్నా వోల్టుల తీగ మాత్రం చేతితో తాకగానే కదిలింది. దానికి పిన్ లగ్గు (తీగ చివర బిగించే లోహపు తొడుగు) వేయలేదు. సన్నని రాగి పోగులను మెలితిప్పి నేరుగా స్క్రూ కింద పెట్టారు, వాటిలో సగం స్క్రూ బయటే ఉన్నాయి, మిగిలినవి నల్లబడ్డాయి. పవర్ ప్యాకు అదురుకు అది ఏళ్ళ తరబడి వదులవుతూ వచ్చి ఉంటుంది. చివర కత్తిరించి, లగ్గు వేసి, క్రింప్ చేసి బిగించాం. అదే పెట్టెలో లగ్గు లేని తీగలు ఇంకో అయిదు కనిపించాయి, వాటికీ వేశాం.

చానెల్ లైటు వెలిగినా కదలని వాల్వు సంగతి కూడా తేలింది. కార్డు టెర్మినల్ దగ్గర 24 వోల్టులు ఉన్నాయి, వాల్వు ప్లగ్గు దగ్గర లేవు. మధ్యలో కేబుల్ ట్రే అంచు దగ్గర తీగ లోపలే తెగి ఉంది, పైపొర మాత్రం చక్కగా ఉంది.

ఇది జరిగి పన్నెండు రాత్రులు గడిచాయి. ఇప్పుడు బఫర్‌లో తేదీలు సరిగా ఉన్నాయి, 39సీ4 ఒక్కటి కూడా కొత్తగా చేరలేదు. నిన్న షిఫ్టు అప్పగించేటప్పుడు లైట్లన్నీ చూస్తుంటే ఎఫ్‌ఆర్‌సీఈ పసుపుగా వెలుగుతూ కనిపించింది. అది ఎప్పటినుంచి వెలుగుతోందో ఎవరికీ తెలియదు. ఏ చానెల్‌ను ఎవరు ఫోర్సు చేశారో తేలేదాకా ఆ ప్రెస్సును నడపకూడదని పగటి షిఫ్టు ఇంజనీరు గారు ఆపించారు. ఈ రోజు ఆయనతో కలిసి ఆ జాబితా చూడబోతున్నాను.